సంఘపు లెక్కల గదికి దూరపు ద్వారము – దానికి తగిన తాళము నెన్నుకొనుట



నారుమడి పోయుట, విత్తనశుద్ధి, పత్తిచేనిలోని గులాబిరంగు పురుగు మొదలైన విషయములను గూర్చి పాఠములు వ్రాయువాడు ఈ నెల కంప్యూటరు తాళమును గూర్చి వ్రాయుచున్నాడేమని మీలో కొందఱకు ఆశ్చర్యము కలుగవచ్చును. కారణము విన్నచో ఆ ఆశ్చర్యము తీరును.

కొన్ని యాసంగుల క్రిందట, వరికోతల సమయమున, ప్రదర్శన క్షేత్రమును చూచుటకై నేనొక గ్రామమునకు పోయితిని. ఆ ఊరి పేరు గాని, సంఘము పేరు గాని ఇచట వ్రాయను. ఒకరిని నిందించుట నా ఉద్దేశము కాదు. సంఘపు కచ్చేరి ముందు రైతులు గుంపుగా నిలిచియుండిరి. ఆ దినము సోమవారము. ఉదయమున గుమాస్తా కంప్యూటరును తెఱవగా లెక్కలకు బదులు ఒక బెదిరింపు కనబడెనట. లెక్కలన్నియు తాళము వేయబడినవనియు, ఇంత ధనమిచ్చినగాని ఆ తాళము తీయబడదనియు అందులో వ్రాసియుండెను.

విచారింపగా తేలిన సంగతి యిది. గోదాములో కూర్చుండి ప్రధాన కచ్చేరి యంత్రమును చూచుకొనుటకు వీలుగా, పట్టణము నుండి వచ్చిన ఒక కుఱ్ఱవాడు ఆ యంత్రమునకు వీథివైపు ఒక ద్వారము తెఱచిపోయెను. దానికి పెట్టిన పాస్‌వర్డు సంఘము పేరును, సంవత్సరపు అంకెలును. లెక్కల నకలు దాచిన డిస్కు సదా ఆ యంత్రమునకే తగిలించియుండుటచే నకలు సైతము తాళములో పడెను.

ఆ గుంపులోనుండి ఒక వృద్ధరైతు నన్ను ప్రక్కకు పిలిచి యడిగెను.

“సారూ, అప్పు కట్టిన రసీదు నా తాన ఉన్నది. మిషన్ల లేదంటున్నరు. మల్ల కట్టాల్నా ఏంది?”

“అక్కెర లేదు బాపూ. రసీదు మాత్రం పైలంగ పెట్టుకోండ్రి” అంటిని.

నోటితో ధైర్యము చెప్పితిని గాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు. కాగితపు రసీదుల నొక్కొక్కటిగా చూచి లెక్కలు మఱల వ్రాయుటకు పదునొకండు దినములు పట్టెను. ఆ నడుమ ఒక వాన కురిసెను. కాంటా కావలసిన కుప్పలు కొన్ని తడిసెను. ఒక పాస్‌వర్డు వలన వడ్లు తడియునని నేనంతకు ముందెన్నడును తలపలేదు.

ఈ పాఠము సారమును ముందుగనే చెప్పెదను. దూరమునుండి సంఘపు యంత్రమును చేరి పనిచేయుట మంచి వసతియే. కాని యంత్రపు ద్వారమును లోకమున కంతకు తెఱవక, పనివారి కొక్కొక్కరికి ఒక్కొక్క తాళపుచెవి నిచ్చి, ఎవరి చెవిని ఎప్పుడు మఱల తీసికొనవలెనో సంఘమే యెఱిగియుండవలెను. ఇందుకు వలయు వ్యయము స్వల్పము. వలయు శ్రద్ధ మాత్రము స్వల్పము కాదు.

1. దూరపు వసతి యేల?

నేటి సహకార సంఘము ఒక గదిలో ఇమిడియుండునది కాదు. ప్రధాన కచ్చేరి ఒక ఊర, ఎఱువుల గోదాము మఱియొక ఊర, వడ్ల కొనుగోలు కేంద్రములు నాలుగైదు ఊళ్లయందు నుండుట కలదు. జమ్మికుంట, హుజూరాబాదు వైపు సంఘములకు దారి సుఖముగ నున్నది. ఉట్నూరు, జైనూరు, తిర్యాణి వైపు గుట్టలును వాగులును అడ్డము. వానకాలమున వాగు పొంగిన దినమున గోదాము గుమాస్తా కచ్చేరికి రాలేడు. యూరియా యెన్ని బస్తాలు మిగిలినవి, ఏ సభ్యుని అప్పు గడువు ఎన్నడు, ఏ రైతు వడ్లు కాంటా అయినవి అను సంగతులు ఉన్నచోటనే తెలిసినచో సభ్యునకు ఒక దినపు కూలి మిగులును.

దీనిలో నున్న సొమ్మెంతయో గమనింపుడు. 2024-25 వానకాలపు పంటకు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలునకు 2,320 రూపాయలుగ నుండెను. ఒక కేంద్రమున 10,000 క్వింటాళ్లు కాంటా అయినచో ఆ సొమ్ము 2 కోట్ల 32 లక్షల రూపాయలు. ఈ సొమ్ము రైతుల బ్యాంకు ఖాతాలలో పడవలసినది. ఖాతా సంఖ్యలో ఒక్క అంకె మాఱినను ఒకరి కష్టము మఱియొకరి పాలగును.

చిన్న సంస్థలను దొంగలు చూడరని యనుకొనరాదు. హైదరాబాదులోని ఏ.పీ. మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుండి 2022 జనవరిలో సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు దూరమునుండియే దొంగిలింపబడెను. బ్యాంకు ఉద్యోగులకు మాయ ఉత్తరములు ఈమెయిలున వచ్చెననియు, వానిని తెఱచుటతో దొంగల ప్రోగ్రాము లోనికి దూఱెననియు పోలీసుల దర్యాప్తున తేలెను. భద్రతా నియమములను పాటింపనందులకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకునకు 65 లక్షల రూపాయల జరిమానా విధించెను. 2024 జులై చివర సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అను సాంకేతిక సంస్థపై ఇట్టి తాళపు దాడి జరుగగా, దానిపై నాధారపడిన సహకార, గ్రామీణ బ్యాంకులు ఇంచుమించు మూడు వందలకు చెల్లింపులు ఒక దినముపాటు స్తంభించెను. దొంగలు పడిన ఆఱు నెలలకు కుక్కలు మొఱిగినట్లు గాక, మనము ముందుగనే మేల్కొనవలెను.

2. కొనకముందు అడుగవలసినది

2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరీకరించు పథకమును ఆమోదించెను. అందఱకు ఒకే తీరు సాఫ్ట్‌వేరును నాబార్డు సిద్ధపఱచు ఏర్పాటు అందున్నది. కంప్యూటరు, ముద్రణ యంత్రము, వేలిముద్రల యంత్రములతో పాటు వీపీఎన్ అను రహస్యమార్గపు సాధనము కూడ ఆ సామగ్రి పట్టికలో చేరియున్నది. కావున మీ సంఘమునకు ఏమేమి వచ్చినవో, ఏమేమి రావలసియున్నవో మీ జిల్లా కేంద్ర సహకార బ్యాంకును ముందుగ అడుగుడు. ఇంటనున్న గునపమును వెదకక సంతకు పోయి మఱియొకటి కొనుట తెలివి కాదు.

ఇంకొక జాగ్రత్త. బ్యాంకు లెక్కలు నడుచు యంత్రమునకు బ్యాంకు అనుమతి లేక మన సొంత సాధనమును దేనిని తగిలింపరాదు. మనము తెఱచిన సందున దొంగ బ్యాంకులోనికి పోవచ్చును. ఈ పాఠము మన సొంత లెక్కలను, అనగా గోదాము నిల్వలు, అద్దె యంత్రములు, జీతములు, సభ్యుల పట్టిక మొదలగు వానిని ఉద్దేశించినది.

మఱియు, మీ లెక్కల సాఫ్ట్‌వేరు ఇదివఱకే ఇంటర్నెట్టు మీద బయటి సర్వరున నడుచునదైనచో కచ్చేరి యంత్రములోనికి దూరమునుండి దూఱవలసిన అవసరమే యుండదు. అప్పుడు పాస్‌వర్డును భద్రపఱచుకొని, రెండవ తాళమును వేసికొన్న చాలును. అక్కఱలేని ద్వారమును పెట్టకుండుటయే అన్నిటికంటె చౌక.

3. నాలుగు మార్గములు

కాకతీయ కాలువ తూము నెఱిగినవారికి ఈ విషయము సులభము. నీరు అందఱిదే. అయినను తూము తలుపు నెత్తువాడు లష్కరు ఒక్కడే. ఎవరి కిష్టము వచ్చినపుడు వారు గట్టును తెంచినచో చివరి ఆయకట్టునకు నీరందదు. దూరపు ద్వారములును అట్టివే. అందు తెంచిన గట్టు ఏదో, తలుపున్న తూము ఏదో ఇప్పుడు చూతము.

మొదటి మార్గము, వీథి ద్వారము. కచ్చేరి రౌటరులో ఒక రంధ్రమును తెఱచి, రిమోట్ డెస్క్‌టాప్ అను వసతిని నేరుగ ఇంటర్నెట్టునకు వదలుట. దీనికి కానీ ఖర్చు లేదు గనుక పలువురు దీనినే చేయుదురు. నేను చెప్పిన సంఘమున జరిగినది ఇదియే. మా మాఱుమూల ఊరి యంత్రమును ఎవడు కనుగొనునని యనరాదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2013లో జెడ్-మ్యాప్ అను సాధనమును చేసి, ఒక్క కంప్యూటరుతో లోకమందలి నాలుగవ తరపు ఇంటర్నెట్టు చిరునామాల నన్నిటిని 45 నిమిషములలో తట్టి చూడవచ్చునని నిరూపించిరి. తలుపు తట్టువాడు మనుష్యుడు కాదు, యంత్రము. దానికి జైనూరును న్యూయార్కును ఒక్కటే. 3389 అను వాడుక ద్వారసంఖ్యను మార్చి వేఱొక సంఖ్యను పెట్టిన చాలునని కొందఱు చెప్పుదురు. అది తాళము వేయక గడపకు రంగు మార్చినట్టిది. ఈ మార్గమును పూర్తిగ విడువుడు.

రెండవ మార్గము, తెఱను చూపు ప్రోగ్రాములు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయరు మొదలైనవి ఈ తెగకు చెందినవి. దూరమందున్న బాగుచేయువాడు మన తెఱను తాను చూచి మీటలు నొక్కును. యంత్రము చెడినపుడు, మనము ఎదుట కూర్చుండి చూచుచుండగా, ఒక గంటకు వాడుకొనుటకు ఇవి పనికివచ్చును. సంస్థల పనికి వీనిని ధర చెల్లించియే వాడవలెనని షరతులందుండును గనుక చదువుడు. ఎవడో ఫోను చేసి ఈ ప్రోగ్రామును వేసికొమ్మనినచో వేసికొనరాదు. ఇట్టి మోసమును గూర్చి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించెను. ప్రోగ్రాము చేయు కంపెనీలకు సైతము ఆపద రాకపోదు. తమ యంత్రములలోనికి దొంగలు చొచ్చిరని ఎనీడెస్క్ కంపెనీ 2024 ఫిబ్రవరిలో తానే ప్రకటించెను. కనుక రాత్రింబవళ్లు తెఱచియుంచు ద్వారముగ దీనిని వాడరాదు.

మూడవ మార్గము, సొంత వీపీఎన్. ఇది ఇంటర్నెట్టు నడుమ కప్పుకాలువ త్రవ్వినట్టిది. బయటివారికి కాలువ పోవుచున్నదని తెలిసినను లోని నీరు కనబడదు. తాళపుచెవి గల యంత్రములు మాత్రమే ఆ కాలువలోనికి రాగలవు. ఇందుకు వలయు ప్రోగ్రాములు ఉచితముగ లభించును. 2001లో వెలువడిన ఓపెన్ వీపీఎన్ చిరకాలము పరీక్షకు నిలిచినది. వైర్‌గార్డ్ అనునది దానికంటె చిన్నది, వేగము గలది. అది సుమారు 4,000 వరుసల వ్రాత మాత్రమే యగుటచే తప్పులు వెదకువారికి చదువుట సులభము. 2020 మార్చిలో అది లినక్సు మూలమందే చేర్చుకొనబడెను. తాళపుచెవి లేనివాడు తట్టినపుడు వైర్‌గార్డ్ బదులే పలుకదు. కావున తట్టి చూచు యంత్రములకు అచట నొక ద్వారమున్నదనియే తెలియదు. ఈ ప్రోగ్రాములు ముందే అమర్చిన రౌటర్లు కొన్ని వేల రూపాయలకు దొరకును. లోపమేమనగా, దీనిని అమర్చి కాచుకొను పని తెలిసినవాడొకడు ఉండవలెను.

నాలుగవ మార్గము, మధ్యవర్తి గల వీపీఎన్. టెయిల్‌స్కేల్, జీరోటియర్ అనునవి ఇట్టివి. ఇందును కప్పుకాలువయే కలదు, కాని ఎవరి యంత్రము ఎచటనున్నదో ఒకరికొకరిని ఎఱుకపఱచు పని ఒక కంపెనీ చేయును. చిన్న బృందములకు ధర లేకయో, తక్కువ ధరకో ఇచ్చు తరగతులు గలవు. ఆ షరతులు మాఱుచుండును గనుక చేరు దినమున చదివి తీర్మానపు పుస్తకమున వ్రాసికొనుడు. అమర్చుట సులభము. లోపమేమనగా, పెద్ద తాళపుచెవి వంటి ఒక ఖాతా యుండును. అది గుమాస్తా సొంత ఈమెయిలు పేర నుండినచో అతడు సంఘమును విడిచిన దినమున సంఘము వీథిలో నిలుచును. ఆ ఖాతా సంఘము పేరనే యుండవలెను.

బ్యాంకులును పెద్ద కంపెనీలును తమ శాఖల నడుమ ప్రత్యేకముగ అద్దెకు తీసికొను తీగలు గూడ కలవు. అవి మన సంఘములకు ఎద్దు బండికి రైలు ఇంజను కట్టినట్లగును.

4. మీ ఇంటర్నెట్టు ఏ దారిన వచ్చుచున్నది?

మూడవ దానికిని నాలుగవ దానికిని నడుమ ఏది తగునో నిర్ణయించునది ధరకంటె ముందు ఈ ప్రశ్న. పలు గ్రామములలో సంఘపు ఇంటర్నెట్టు సెల్లు ఫోను కంపెనీ సిమ్ము మీద నడుచును. సిమ్ము మీద వచ్చు ఇంటర్నెట్టునకు సాధారణముగ సొంత చిరునామా సంఖ్య యుండదు. వాడమొత్తమునకు ఒకే తపాలా పెట్టె యున్నట్లు వేలమంది ఒకే సంఖ్య వెనుక నుందురు. మనము బయటికి పోవచ్చును గాని, బయటివాడు నేరుగ మన తలుపును కనుగొనలేడు. ఇది తెలియక సొంత వీపీఎన్ రౌటరును కొని, పనిచేయలేదని అటకపై పెట్టినవారు గలరు.

కాబట్టి కచ్చేరికి తీగ ద్వారా ఇంటర్నెట్టు వచ్చుచున్నచో, స్థిరమైన చిరునామా సంఖ్య నిత్తురా, ఏటికెంత యని కంపెనీని అడుగుడు. ఇచ్చినచో మూడవ మార్గము తగును. సిమ్ము ఒక్కటే దిక్కయినచో నాలుగవ మార్గము మేలు. ఇందు రెండు వైపులవారును లోనుండి బయటికే పోయి నడుమ కలిసికొందురు గనుక సొంత సంఖ్య లేకున్నను పని జరుగును.

సిగ్నలు బలహీనమైన గుట్టల ప్రాంతమువారు మఱియొక సంగతి గమనింపవలెను. గోదాములోని కంప్యూటరు కచ్చేరి యంత్రమందలి లెక్కల ఫైలును కాలువ ద్వారా నేరుగ తెఱచి వ్రాయుచుండగా సిగ్నలు తెగినచో ఆ ఫైలు సగము వ్రాతతో చెడిపోవచ్చును. అట్లుగాక, కప్పుకాలువలో పోయి అచటి యంత్రమునే రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా నడుపవలెను. అప్పుడు లెక్క కచ్చేరిలోనే జరుగును, తెఱ మాత్రమే మనకు వచ్చును. సిగ్నలు తెగినను లెక్క నిలిచియుండును. మొదటి మార్గమున దోషమైన రిమోట్ డెస్క్‌టాప్ ఇచట దోషము కాదు. అది వీథికి గాక కాలువకు మాత్రమే తెఱచియున్నది. విండోస్ వాడువారు ‘హోమ్’ తరగతి యంత్రమునకు ఈ వసతి లేదనియు, ‘ప్రో’ తరగతి వలయుననియు కొనకముందే తెలిసికొనుడు. విండోస్ 10కి కంపెనీ ఇచ్చు సాధారణ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిసెను గనుక పాత యంత్రమును దూరపు పనికి నియోగింపకుడు.

5. మూడేండ్ల లెక్క

విత్తనపు సంచి ధరను చూచి సాగు ఖర్చును చెప్పలేము. దుక్కి, ఎఱువు, కలుపు, కోత అన్నియు చేర్చవలెను. ఇదియు అట్లే. క్రింది అంకెలు లెక్క చేయు పద్ధతిని చూపుటకు మాత్రమే. మీ పట్టణపు ధరలను మీరు వేసికొనుడు.

అయిదుగురు పనివారు గల సంఘమునకు, ఒక కంపెనీ తలకు నెలకు 400 రూపాయలు అడిగెననుకొందము. నెలకు 2,000, మూడేండ్లకు 72,000 రూపాయలు. సొంత వీపీఎన్‌కు రౌటరు 8,000, స్థిర సంఖ్యకు ఏటికి 3,000 చొప్పున 9,000, మొత్తము 17,000 రూపాయలని మఱియొకడు చెప్పును. ఇందు మఱచినది కాపలా ఖర్చు. తెలిసినవాడు మూడు నెలల కొకసారి వచ్చి మరమ్మతులు వేసి తాళములను పరీక్షించుటకు 2,000 చొప్పున పండ్రెండు రాకలకు 24,000 రూపాయలు. నిజమైన మొత్తము 41,000 రూపాయలు. ఇప్పటికిని ఇది చౌకయే. కాని ఆ 24,000ను మిగిల్చుకొందమని కాపలా మానినచో మరమ్మతు లేని రౌటరే దొంగకు ద్వారమగును. కాపలావాడు దొరకని ఊరివారికి 72,000 రూపాయల మార్గమే వాస్తవముగ చౌక కావచ్చును. కరెంటు పోయినపుడు రౌటరు ఆఱిపోకుండ చిన్న బ్యాటరీ ఖర్చును కూడ చేర్చుడు.

6. తాళపుచెవుల నియమములు

ఏ మార్గము నెన్నుకొన్నను ఈ నియమములు తప్పవు. వీనికి ధర లేదు.

మొదటిది, ఒక మనిషికి ఒక పేరు, ఒక చెవి. అందఱును ‘ఆఫీసు’ అను ఒకే పేరున పోయినచో తప్పెవరిదో తెలియదు.

రెండవది, పాస్‌వర్డుతో పాటు రెండవ తాళము. ఫోనున ముప్పది సెకనుల కొకసారి మాఱు ఆఱంకెల సంఖ్యను చూపు ప్రోగ్రాములు ఉచితము. ఈ సంఖ్య గడియారమునుబట్టి ఫోనులోనే పుట్టును గనుక సిగ్నలు లేనిచోటను పనిచేయును. ఎస్సెమ్మెస్ కొఱకు గుట్టెక్కి నిలువవలసిన పని లేదు. ఫోను గడియారము సరిగ నుండవలెను, అంతే. ఈ సంఖ్యను ఎవరడిగినను చెప్పరాదు.

మూడవది, పనికి తగినంత ద్వారమే. గోదాము గుమాస్తాకు నిల్వల లెక్క చాలును. అప్పుల లెక్క అతనికి తెఱవనక్కఱలేదు. ఇది అతనిపై అనుమానము కాదు. అతని ఫోను పోయినను నష్టము గోదాముతో ఆగుటకై చేయు కట్ట. కంచె చేను మేయు కాలము వచ్చినను మొత్తము చేను పోదు.

నాలుగవది, పని మానినవాని చెవిని ఆ దినముననే తీసివేయవలెను. 2021 మేలో అమెరికాలో పెట్రోలు గొట్టములను నడుపు కొలోనియల్ పైప్‌లైన్ కంపెనీలోనికి దొంగలు వచ్చినది వాడుకలో లేని ఒక పాత వీపీఎన్ ఖాతా ద్వారా. దానికి పాస్‌వర్డు తప్ప రెండవ తాళము లేదు. గొట్టములు కొన్ని దినములు ఆగెను. కంపెనీ సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించెను. అంత పెద్ద కంపెనీకి మఱపు ఎంత నష్టము చేసెనో చూడుడు.

అయిదవది, లెక్కల నకలు. ప్రతి సాయంకాలము ఒక నకలు డిస్కున తీసి, యంత్రము నుండి విడదీసి బీరువాలో పెట్టుడు. వారమున కొకటి వేఱొక ఊర నుంచుడు. మూడు నెలల కొకసారి ఆ నకలును వేఱొక యంత్రమున తెఱచి చూడుడు. మొలకెత్తునో లేదో చూడని విత్తనము ఎట్టిదో తెఱచి చూడని నకలు అట్టిది.

7. డబ్బు చెల్లించుటకు ముందు పరీక్ష

అమర్చినవాడు బిల్లు ఇచ్చిన దినమున పాలకవర్గమువారు ఎదుట నిలిచి ఈ నాలుగు పనులు చేయింపుడు. తాళపుచెవి లేని ఫోనుతో బయటినుండి యంత్రమును చేర ప్రయత్నింపుడు; చేరరాదు. సరియైన పాస్‌వర్డు వేసి ఆఱంకెల సంఖ్యను తప్పుగ వేయుడు, తలుపు తెఱువబడరాదు. ఒక గుమాస్తా చెవిని తీసివేయించి అతనిని ప్రయత్నింపుమనుడు. అతడు లోనికి పోరాదు. కరెంటు తీసి మఱల వేయుడు. ఎవరి సాయము లేక మార్గము తిరిగి నిలువవలెను. నాలుగును సరియైన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు. రౌటరు పాస్‌వర్డు, పెద్ద ఖాతా వివరములు కవరున పెట్టి లక్కముద్ర వేసి అధ్యక్షుని ఆధీనమున బీరువాలో నుంచుడు.

8. ఆపద వచ్చినచో

యంత్రమును ఇంటర్నెట్టు నుండి వెంటనే విడదీయుడు. తెఱను ఫోటో తీయుడు. లెక్కలను మీరే తుడిచి సరిచేయ ప్రయత్నింపకుడు. ఖాతానుండి సొమ్ము పోయినచో ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేయుడు. తొలి గంటలలో తెలిపినచో సొమ్మును నడుమ ఆపు అవకాశమెక్కువ. జిల్లా బ్యాంకునకును అప్పుడే తెలుపుడు. ఇట్టి దాడులను తెలిసికొన్న 6 గంటలలోపల సర్ట్-ఇన్ అను కేంద్ర సంస్థకు తెలుపవలెనని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశము. సిగ్గుపడి దాచినచో ప్రక్క సంఘము రేపు అదే గుంటలో పడును.

9. సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

ఇది గుమాస్తా పని, మనకేల యనుకొనకుడు. వాటాధనము మీది, అప్పు లెక్క మీది. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ ప్రశ్నలను అడిగి, సమాధానములను తీర్మానపు పుస్తకమున వ్రాయింపుడు.

మన లెక్కల యంత్రమును దూరమునుండి చేరగలవారు ఎందఱు? వారి పేర్లు చదువుదురా?

గత సంవత్సరము పని మానినవారి చెవులు తీసివేయబడినవా? ఏ దినమున?

నిన్నటి లెక్కల నకలు ఇప్పుడు ఎచటనున్నది? దానిని తెఱచి చూచినది ఎన్నడు?

మార్గమునకు కాపలా ఎవరు? వారికి ఏటికెంత యిచ్చుచున్నాము?

నాడు ఆ వృద్ధరైతు అడిగిన ప్రశ్నకు నేను రసీదును చూపి సమాధానము చెప్పితిని. పై నాలుగింటికి మీ సంఘము తడుముకొనక సమాధానము చెప్పగలిగిననాడు ఆ ప్రశ్నను ఏ రైతును అడుగవలసిన పని యుండదు. అప్పటిదాక, సోదరులారా, మీ రసీదులను మీరును భద్రముగ నుంచుకొనుడు.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు